పేరు మార్చాలా, ఉంచాలా? ఈపీ రిలీజ్‌కు ముందు సలహా కావాలి

నాలుగు ట్రాకుల టెక్నో ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న విడుదల) సిద్ధంగా ఉంది: 130 బీపీఎం (నిమిషానికి 130 బీట్లు), కిక్ డ్రమ్ మీద డప్పు లూపులు. చిక్కల్లా ఆర్టిస్టు పేరుతోనే. స్ట్రీమింగ్ యాప్‌లో అదే పేరున్న మరొకరి పేజీలోకి పాత సింగిల్స్ రెండూ వెళ్లిపోయాయి. అప్‌లోడ్ చేసేటప్పుడు ఆర్టిస్టు ఐడీ ఇవ్వకుండా పేరు మాత్రమే ఇస్తే ఇలా కలిసిపోతుంటాయి.

ఇప్పుడు పేరుకు ఊరి పేరు జోడించి సింగిల్స్ మళ్లీ ఎక్కించాలని ఆలోచన. ఆడియో మారదు కాబట్టి పాత ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌లే (ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) వాడాలని తెలుసు. కానీ ఆర్టిస్టు పేరు మారినా పాత ప్లే కౌంట్ నిలుస్తుందా? కొత్తది లైవ్ అయ్యాక, రెండింటి ప్లే కౌంట్ ఒకచోట కలిశాక పాతది తీసేయడమే సురక్షితమా? ఇది నిజంగా చేసినవాళ్లు చెప్పండి.

మాస్టరింగ్ (విడుదలకు ముందు ఆడియోకు చివరి మెరుగులు) గురించి కూడా. క్లబ్ కోసం మైనస్ 9 లఫ్స్‌కు (శబ్దం గట్టిదనానికి కొలత, సున్నాకు దగ్గరైన కొద్దీ గట్టి) నెడితే, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ డప్పు దెబ్బ మొనను కోసేస్తోంది, తోలు చప్పుడు పోయి అట్టపెట్టె మోతలా వస్తోంది. ఆ చప్పుడే ఈ ఈపీకి గుర్తింపు, దాన్ని వదులుకోలేను. స్పాటిఫై మామూలు సెట్టింగులో ఎలాగూ మైనస్ 14కు దించుతుంది. అందుకే స్ట్రీమింగ్‌కు మైనస్ 12, ట్రూ పీక్ (శబ్దం చేరే అత్యధిక మొన) మైనస్ 1 డీబీ. పాటలు నేరుగా అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో డీజేలకు విడిగా గట్టి మాస్టర్ పెడదామనుకుంటున్నా. లిమిటర్‌కు ముందు డప్పు బస్ (డప్పు ట్రాకులన్నీ కలిసే ఛానెల్) మీద సాఫ్ట్ క్లిపర్ (మొనలను మెత్తగా కోసే ప్లగిన్) పెట్టినవాళ్లు ఎన్ని డీబీల వరకు కోశారు?

ప్లేలిస్టుల్లో చేర్చమని స్పాటిఫై ఎడిటర్లకు ఒక్క ట్రాకే పిచ్ చేయగలం, అదీ విడుదలకు ముందే. కనీసం 7 రోజులంటారు, నేను 4 వారాలు ఉంచుతున్నా. పేజీ గొడవ తేలేదాకా తేదీ వాయిదా వేయమంటారా?