పాన్‌-మాస్ ఛాలెంజ్ తొక్కబోతున్నాను: బిల్లీ స్టార్ గురించి, చందాల గురించి చెప్పండి

కొత్తచైను:
క్యాన్సర్ ఆసుపత్రికి చందాలు పోగేసే ఈ మసాచుసెట్స్ సైకిలు యాత్రలో ఈ ఆగస్టులో మొదటిసారి. స్టర్‌బ్రిడ్జ్ నుంచి ప్రావిన్స్‌టౌన్ దాకా, రెండు రోజులూ. చందా మాటెత్తితే ముఖం చాటేసే బంధువులను ఎలా పట్టుకోవాలి? ఎదురుగాలి ఎక్కడ ఎక్కువ? ఇంకొకటి: 1980లో 36 మందితో మొదలై 10,200 డాలర్లు పోగేసిన యాత్ర ఈనాటికి వంద కోట్ల డాలర్లు దాటిందంటే, దాన్ని మొదలుపెట్టిన ఆ బిల్లీ స్టార్‌లో ఉన్న ప్రత్యేకత ఏమిటి?

పాతగేరు:
ప్రత్యేకత కాదండీ, కసి. తల్లికి మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్. 1974లో పోయేనాటికి ఆవిడకు 49 ఏళ్లే. ఆరేళ్ల తర్వాత స్నేహితులను వెంటేసుకుని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి కేప్ కాడ్ కొస దాకా తొక్కాడు. నేను తొమ్మిదిసార్లు తొక్కినవాణ్ణి కనుక చెబుతున్నాను: ఆఖరి వారంలో సీటు మార్చకండి. నేను మార్చాను. బోర్న్‌లో రాత్రి భోజనం నిలబడి చేశాను.

నమ్మనివాడు:
"మీరు పోగేసిన ప్రతి డాలరూ డేనా-ఫార్బర్ క్యాన్సర్ ఆసుపత్రికే" అని నిర్వాహకులు చెప్పే మాట నిజంగా నమ్ముతున్నారా? దారి పొడవునా నీళ్లు, తిండి, గుడారాలు, లారీలు ఊరికే వస్తాయా? సిబ్బందికి జీతాలు, వ్యవస్థాపకుడికీ జీతం. ఇదంతా ఎవరి సొమ్ము?

తులసికోట:
నమోదు రుసుము కట్టారు కదా, అది దేనికనుకున్నారు? ఖర్చులు దాంతోనూ, స్పాన్సర్లు ఇచ్చే సొమ్ముతోనూ గడుస్తాయి. చందా జోలికి పోరు. 2007 నుంచి ఇదే పద్ధతి. జీతం తీసుకుంటే దొంగ అయిపోతాడా? ఇన్నేళ్లూ గాలి భోంచేసి బతకాలా?

నమ్మనివాడు:
దొంగ అన్న మాట మీ నోట వచ్చింది, నా నోట కాదు. నా బాధ వేరు. ఒక్కొక్కరూ పోగేయాల్సిన కనీస మొత్తం పోగవకపోతే తక్కువ పడింది మన క్రెడిట్ కార్డు మీద వేస్తారు. వేశారు. నీ చందాలకు సమానంగా మేమూ ఇస్తామన్న మా కంపెనీ, గడువు దాటిందని చేతులు దులుపుకుంది. 1,400 డాలర్లు. మా ఆవిడ ఇప్పటికీ సైకిలును సైకిలు అనదు. "ఆ పద్నాలుగు వందలు తడుస్తోంది, లోపల పెట్టండి" అంటుంది.

పాతగేరు:
సంతకం పెట్టేముందు చదువుకోవాలి.

నమ్మనివాడు:
తొమ్మిదిసార్లు తొక్కితే నీతులు చెప్పే హక్కు ఉచితంగా ఇస్తారా, దానికీ రుసుముందా?

పశ్చిమగాలి:
అందరూ స్టార్, స్టార్ అంటున్నారు. మరి ఆ ఆసుపత్రి పేరులోని ఫార్బర్ ఎవరు? లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు సిడ్నీ ఫార్బర్ తొలిసారి ఇచ్చిన మెథోట్రెక్సేట్ మందు ఎవరి చలవ? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారిది! ఆయన పేరు తలచుకుని ఒక్కరైనా తొక్కుతున్నారా?

మాత్రలడబ్బా:
మెథోట్రెక్సేట్ కాదు, అమినోప్టెరిన్. అమినోప్టెరిన్ తర్వాతే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఇరవై రెండేళ్లుగా మందుల మధ్యే బతుకుతున్నాను, ఈ పొరపాటు చూస్తే ఊరుకోలేను. ఫోలిక్ యాసిడ్ ఇస్తే పిల్లల్లో జబ్బు ఇంకా ముదిరింది. అందుకే దాన్ని అడ్డుకునే పదార్థం కావలసివచ్చింది. లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి బృందం తయారుచేసింది. 1948లో ఫార్బర్ అచ్చువేసిన వ్యాసంలో 16 మంది పిల్లలుంటే, 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. "ఆయన కనిపెట్టాడు" కంటే "ఆయన బృందం చేసింది" అనడం సరైనది.

పశ్చిమగాలి:
ఆ బృందానికి పెద్ద ఎవరండీ?

తులసికోట:
ఏ చర్చ మొదలుపెట్టినా భీమవరంలో తేలవలసిందేనా?

పశ్చిమగాలి:
ప్రావిన్స్‌టౌన్‌లో తేలితే లేని కష్టం భీమవరంలో తేలితే వచ్చిందా?

రెండోపుట్టుక:
నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గి ఆరేళ్లు. మాలాంటివారిని అక్కడ "లివింగ్ ప్రూఫ్" (సజీవ సాక్ష్యం) అంటారు. మొదటిరోజు దారిలో ఒకచోట "పెడల్ పార్ట్‌నర్" పిల్లల ఫొటోలు వరసగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కో జట్టుకు చికిత్సలో ఉన్న ఒక్కో బిడ్డ. అప్పటిదాకా గేర్ల గురించి వాదించుకున్నవాళ్లు అక్కడ నోరు మూసుకుంటారు. ఇక్కడా ఒకటి నిలబెడితే బాగుండును.

చందా సంగతి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. నేను డబ్బు అడగలేదు. కీమో రోజుల్లో ఎవరు ఏం వండి తెచ్చారో ఒక్కొక్కరికీ విడివిడిగా ఉత్తరం రాశాను, కింద లింకు పెట్టాను. పప్పుచారు తెచ్చినావిడ అందరికంటే ఎక్కువ పంపింది.

పాతగేరు:
మంచి ఉపాయం. తొక్కే రోజు పొద్దున మాత్రం పప్పుచారు వద్దు.

ఇసుకదిబ్బ:
ఎదురుగాలి ట్రూరోలో. ఎత్తుపల్లాలూ అక్కడే, ఒళ్లు హూనమైపోయాక. ఇదివరకు బ్రూస్టర్‌లో వేసవి శిబిరం పిల్లలు పొదల కంచె వెనక నిలబడి గొంతులు చించుకుని అరిచేవారు, కేకలకే మూడు మైళ్లు గడిచిపోయేవి. ఆ శిబిరం మూసేశారు. ఆ మలుపులో ఇప్పటికీ నా కాళ్లు తమంతట తాము వేగం పెంచుతాయి.

కొత్తచైను:
పప్పుచారు పద్ధతిలో పన్నెండు ఉత్తరాలు రాశాను, తలా ఒక పాత సంగతి గుర్తుచేస్తూ. అత్తయ్య వెంటనే వంద పంపింది. బాబాయి మాత్రం, జెర్సీ మీద సుబ్బారావుగారి పేరు రాయిస్తే రెండు వందలు ఇస్తానన్నాడు.

పశ్చిమగాలి:
మీ బాబాయికి నా నమస్కారాలు.

మాత్రలడబ్బా:
రాయిస్తే కింద అమినోప్టెరిన్ అని వేయించండి.