ఫ్రాంకీ మానింగ్ ‘ఎయిర్ స్టెప్’: గంతా, అడుగా?

ప్రశ్న:
స్వింగ్ అనే జాజ్ సంగీతం ఊపేసిన కాలపు డాన్సర్ ఫ్రాంకీ మానింగ్ మీద వ్యాసం రాస్తున్నాను. 1914లో ఫ్లోరిడాలో పుట్టి, పసితనంలోనే తల్లితో న్యూయార్క్ చేరి, హార్లెమ్‌లోని సవాయ్ బాల్‌రూమ్ అనే డాన్సు హాల్లో లిండీ హాప్ అనే జంట నాట్యం ఆడి పేరు తెచ్చుకున్న నల్లజాతి కళాకారుడు. జోడీని గాల్లోకి ఎత్తి దించే, ఆయన మొదలుపెట్టిన ‘ఎయిర్ స్టెప్’ని ‘గాలి గంతు’ అనొచ్చా? అలాగే లిండీ హాప్‌ని ‘లిండీ గంతు’ అంటే?

జవాబు:
గంతు వద్దండీ. ఆ మాట వినగానే మనకి కుప్పిగంతులే గుర్తొస్తాయి. అసలు ఏం జరిగిందో చూడండి. 1935లో సవాయ్‌లో పోటీ. అవతలి పక్షానికి నాయకుడు షార్టీ స్నోడెన్. పేరుకు తగ్గట్టే పొట్టివాడు, ఆయన జోడీ బిగ్ బీ బాగా పొడుగు. డాన్సు అయిపోగానే ఆవిడ ఆయన్ని వీపు మీద ఎత్తుకుని వెళ్ళిపోయేది, జనం పడీపడీ నవ్వేవారు. మానింగ్‌కి ఆలోచన అక్కడే తట్టింది: వీపు మీదకి ఎత్తుకుని ఆగిపోవడం ఎందుకు, అటునుంచి ఇటు దాటించేస్తే? తన జోడీ ఫ్రీడా వాషింగ్టన్‌తో కలిసి ఇంట్లో పరుపు వేసుకుని సాధన చేశాడు. పోటీలో చిక్ వెబ్ బ్యాండు వాయిస్తుండగా ఆమెను తన వీపు మీదుగా దొర్లించి ముందుకి దించాడు. ఆమె కాళ్ళు సరిగ్గా తాళం దెబ్బకి నేలను తాకాయి. మనిషిని ఎగరేయడం సర్కస్ వాళ్ళకీ వచ్చు. పాటను వదలకుండా, లయలో దిగడం మానింగ్ సొంతం. అందుకే ‘స్టెప్’ అన్న మాట వదలకూడదంటాను. సర్కస్ ఫీటు చేస్తాం, అడుగు వేస్తాం.

ఇంకొకరు:
గంతు కూడా వేస్తాం కదండీ! క్రియని బట్టి తేల్చలేం. అయితే లిండీ గంతుకి నా అభ్యంతరం వేరు. 1927లో పైలట్ లిండ్‌బర్గ్ విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటాడు, ఆయన ముద్దుపేరే లిండీ. ఆ రోజుల్లో విమానంలో వెళ్ళడాన్ని కూడా హాప్ అనేవారు. 1928లో ఒక డాన్స్ మారథాన్‌లో (ఆగకుండా ఆడే పోటీలో) స్నోడెన్ ఈ పేరు పెట్టాడని చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, పేరు పేరే. కూచిపూడిని ఎవరైనా అనువదిస్తారా?

మొదట అడిగినవారు:
సరే, లిండీ హాప్‌ని అలాగే ఉంచేస్తా. మరి రెండు కాళ్ళూ గాల్లో ఉన్నప్పుడు ‘అడుగు’ ఎబ్బెట్టుగా లేదూ?

జవాబు:
అడుగు ఇబ్బందైతే ‘గాల్లో స్టెప్పు’ అనండి. స్టెప్పులేయడం మన సినిమా జనానికి కొత్తేమీ కాదు, పైగా అది ఎప్పుడో తెలుగైపోయింది.

ఒక్క మనవి: వ్యాసాన్ని మానింగ్ డాన్సు చేసిన 1941 నాటి ‘హెల్జపాపిన్’ సినిమా దగ్గర ఆపేయకండి, అందరూ అక్కడే ఆపుతారు. తర్వాత ఆయన సైన్యానికి వెళ్ళాడు, తిరిగొచ్చి సొంత బృందం నడిపాడు, స్వింగ్ మోజు తగ్గాక దాదాపు 30 ఏళ్ళు తపాలా శాఖలో ఉద్యోగం చేశాడు. 1986లో కాలిఫోర్నియా నుంచి ఇద్దరు డాన్సర్లు వెతుక్కుంటూ వచ్చి నేర్పమన్నారు. అప్పటికి డెబ్బై దాటిన మనిషి! 1989లో బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకరంగం) నృత్యరచనకు టోనీ అవార్డు అందుకున్నాడు. 2009లో, ఇంకో నెలలో 95 నిండుతాయనగా పోయాడు. నన్నడిగితే ఆ తపాలా ఏళ్ళకి ఒక పేరా కేటాయించాలి.