సిమ్యులేషన్‌లో తెల్లకణం దొర్లట్లేదు, ఎందుకు?

బ్రాడీపేట బయోటెక్: అన్నా, రక్తప్రవాహంలో తెల్లరక్తకణం నాళం గోడకి అంటుకోవడం మోడల్ చేస్తున్నా. కణాన్ని గోడకి కాసేపు పట్టి ఉంచే సెలెక్టిన్ ప్రోటీన్ల బంధాలు పెట్టా. గోడ వెంట దొర్లాల్సిన కణం కొట్టుకుపోతోంది, లేదంటే టక్కున ఆగిపోతోంది. వైవా దగ్గరపడింది, ఒకటే టెన్షన్.

బెంజ్ సర్కిల్ సీనియర్: బంధం తెగే రేటు స్థిరంగా పెట్టావా తమ్ముడూ? 1978 నాటి బెల్ సమీకరణం పెట్టు. లాగే బలం పెరిగేకొద్దీ ఆ రేటు ఘాతీయంగా పెరుగుతుంది. వెనక అంచున బంధాలు తెగుతూ, ముందు కొత్తవి పడుతూ ఉంటేనే దొర్లుడు. ఒక్కో బంధాన్నీ స్ప్రింగ్‌లా తీసుకుని, ప్రతి టైమ్ స్టెప్‌లో ర్యాండమ్ నంబర్‌తో తెగిందో లేదో తేల్చు. 1992లో హ్యామర్, ఆప్టే అనే పరిశోధకులు తమ సిమ్యులేషన్‌లో చేసిందీ ఇదే.

తాడేపల్లి: స్టెప్ కూడా తగ్గించి చూడు. గట్టిగా ఆగడమంటావా, అది ఇంటెగ్రిన్లనే వేరే ప్రోటీన్ల పని.

బ్రాడీపేట బయోటెక్: మరి క్యాచ్ బాండ్లు?

బెంజ్ సర్కిల్ సీనియర్: కొంతవరకు లాగితే ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయవి. బెల్‌లో ఆ సంగతి లేదు. ముందు ఇది దొర్లించు.