అప్‌డేట్: నానమ్మ ఫొటోల స్క్రాప్‌బుక్ మొదలుపెట్టాను

నానమ్మ పాత ఫొటోలతో స్క్రాప్‌బుక్ చేయాలి, మొదట ఏమేం కొనాలి, ఫొటోలు పాడవకుండా ఎలా అతికించాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్. మొదటి పేజీలు పూర్తయ్యాయి.

కొన్నవి తక్కువే: 12 అంగుళాల చదరపు ఆల్బమ్, యాసిడ్ గానీ లిగ్నిన్ (చెక్కలో ఉండే పదార్థం) గానీ లేని కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం), పేపర్ ట్రిమ్మర్, త్వరగా వెలిసిపోని పిగ్మెంట్ ఇంక్ పెన్ను, ఫొటో కార్నర్లు. లిగ్నిన్ ఉన్న కాగితం పాత న్యూస్‌పేపర్‌లా పసుపెక్కుతుందని తెలిశాక ప్యాకెట్ మీద చదివే కొంటున్నాను. పేజీల ప్లాస్టిక్ కవర్లు కూడా ఫొటోలను పాడుచేసే పీవీసీవి కాకుండా పాలీప్రొపిలీన్‌వి తీసుకున్నాను.

అన్నిటికంటే నచ్చింది ఫొటో కార్నర్ల పద్ధతి. వెనక జిగురున్న ఆ చిన్న త్రికోణపు జేబులను ఫొటో నాలుగు మూలలకూ తొడిగి, వాటినే కాగితానికి అతికించాలి. ఫొటోకి జిగురు తగలదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి తీయొచ్చు. పెళ్ళి ఫొటో వెనక తాతయ్య చేతిరాత ఉంది. అది తీసి చదువుకునే వీలుండటం నాకు చాలా ముఖ్యం.

మ్యాటింగ్ కూడా చేశాను. ఫొటో చుట్టూ పావు అంగుళం కనిపించేలా కింద ముదురు రంగు కార్డ్‌స్టాక్ పెడితే, వెలిసిపోయిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో కూడా ఎంత బాగా కనిపిస్తోందో! అతికించే ముందు అన్నీ పేజీ మీద పరిచి ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నాను. అసలు ఫొటోలను మాత్రం కత్తిరించడం లేదు. చిన్నవి కావాలంటే స్కాన్ చేసి ప్రింట్ తీస్తున్నాను.

ఇక తాతయ్య ఉత్తరాలు. కార్డ్‌స్టాక్‌ని మూడు వైపులా అతికించి జేబులు చేద్దామనుకుంటున్నాను. ఉత్తరాలను మడత విప్పి పెట్టాలా, అలాగే ఉంచాలా? చేసినవాళ్ళుంటే చెప్పండి.