అన్నమే తింటున్నా పాపకి టీటీజీ దిగట్లేదు, గోధుమ ఎక్కడినుంచి తగులుతోంది?

చీపురుపల్లి అమ్మ:

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా పాపకి నాలుగేళ్ళు. బరువు పెరగకపోవడం, పొట్ట ఉబ్బి ఉండడం, ఎన్ని ఐరన్ సిరప్‌లు పోసినా రక్తం పట్టకపోవడం చూసి విశాఖపట్నం తీసుకెళ్తే పిల్లల గ్యాస్ట్రో డాక్టరుగారు రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి సీలియాక్ అని తేల్చారు, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు. ఇది గతేడాది మాట. అప్పటినుంచి పాపకి చపాతీ, పూరీ, బ్రెడ్డు, బిస్కెట్, సేమ్యా, బొంబాయి రవ్వ అన్నీ బంద్. మొదట్లో బాగా కోలుకుంది, ఈ జబ్బుకి రక్తంలో చూసే టీటీజీ అంకె కూడా దిగింది. ఈమధ్య మళ్ళీ చేయిస్తే దిగడం ఆగి కాస్త పెరిగింది. డాక్టరుగారు "ఎక్కడో తగులుతోందమ్మా, వెతకండి" అన్నారు.

ఎక్కడ వెతకాలో తెలీడం లేదు. పొద్దున్న ఇడ్లీ గానీ చోడి (రాగి) అంబలి గానీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, చారు, సాయంత్రం షాపులో కొన్న జంతికలో పల్లీ చిక్కీయో, రాత్రి మళ్ళీ అన్నం. ఇందులో గోధుమ ఏదండీ? ఇంట్లో అందరూ మా అత్తగారు చాటుగా బిస్కెట్ పెడుతున్నారేమోనని ఆవిడవైపే చూస్తున్నారు. ఆవిడ పెట్టరని నా నమ్మకం, పాపకి విడిగా వండిపెట్టేదే ఆవిడ. మాట పడి ఆవిడ రెండురోజులుగా సరిగ్గా తినడం లేదు, నాకేమో టెన్షన్. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో ఎక్కడెక్కడ చూసుకోవాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. పాప అంగన్‌వాడీకి వెళ్తుంది, ఇంట్లో ఏడాదిన్నర తమ్ముడు కూడా ఉన్నాడు.

రాజాం నాన్న:

ముందు మీ అత్తగారిని అన్నం తినమనండి. తర్వాత పోపుల డబ్బా దగ్గరికెళ్ళి ఇంగువ సీసా తీసి వెనక్కి తిప్పి చదవండి. మనం కొనే ఇంగువ చాలావరకు కాంపౌండెడ్ ఇంగువ, అసలు ఇంగువ అందులో కొంచెమే, మిగతాదంతా తుమ్మజిగురూ గోధుమపిండో మైదానో ఉంటుంది. పప్పులో, చారులో, పులిహోరలో, కొన్న ఆవకాయలో, సాంబారు పొడిలో, జంతికల్లో కూడా పడేది ఇదే. మీ పాప పూటపూటా తింటోంది కాబట్టి ఒక్క చిటికె అని తీసేయడానికి లేదు. బియ్యప్పిండి కలిపి చేసిన ఇంగువ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో సులువు, సీసా మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉండాలి. లేకపోతే ఇంగువ మానేసి వెల్లుల్లి పోపు పెట్టండి, చారుకి ఏ లోటూ రాదు.

రెండోది పిండి మర. ఇదే నాకు ఇంగువ కన్నా పెద్ద అనుమానం. మా గుంటడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, వాడికి ఈ జబ్బు తేలినప్పుడు మేం గోధుమపిండి డబ్బా ఇంట్లోంచి తీసేసి చోడిపిండి మాత్రం ఎప్పట్లాగే మరలో పట్టించుకుంటూ వచ్చాం. ఒకరోజు నేను దగ్గరుండి చూశాను. మా ముందు ఎవరిదో గోధుమ పట్టారు, ఊళ్ళో షుగర్ ఉన్నవాళ్ళందరూ రాత్రిళ్ళు చపాతీకి మారిపోయారు కదా, ఇప్పుడు ఏ మరలో చూసినా గోధుమే ఎక్కువ. వాళ్ళది అయిపోయాక మరాయన పిండి దిగే గుడ్డ గొట్టాన్ని రెండు దెబ్బలు కొట్టాడు, ఇంకా తెల్లగా రాలుతూనే ఉంది, దానిమీదే మా చోళ్ళు పోశాడు. పట్టి చేతికిచ్చిన పిండిలో పైన ఎర్రగా ఉంది, అడుగున పాలిపోయి ఉంది. అంబలి వల్ల ఒంటికి బలం అనుకుంటున్నాం, అందులో ముందువాళ్ళ గోధుమ వస్తోంది. శనగపిండి, బియ్యప్పిండి, కారం, పసుపు, గంటెల (సజ్జల) పిండి ఏది పట్టించినా ఇదే కథ.

మూడోది జల్లెడ. ఇంట్లో మిగతావాళ్ళకి చపాతీ చేస్తున్నారా? ఆ జల్లెడతోనే బియ్యప్పిండి జల్లిస్తే ఆ కన్నాల్లో ఇరుక్కున్నది ఎంత కడిగినా పోదు. చపాతీ పీట, అప్పడాల కర్ర, చెక్క గరిటె, చపాతీ కాల్చిన ఇనప పెనం మీద వేసే దోశ, వీటన్నిటికీ అంతే. పాపకి జల్లెడ, పెనం, గరిటె కొత్తవి కొని వేరే పెట్టండి, పెద్ద ఖర్చేం కాదు.

బొబ్బిలి మావయ్య:

మర విషయంలో అంత భయం అక్కర్లేదేమో. పొద్దున్నే మర తెరవగానే మొదటి వాయి మనదే పట్టించుకుంటే సరిపోతుంది, మా ఇంట్లో అలాగే చేస్తాం.

రాజాం నాన్న:

మావయ్యగారూ, మొదటి వాయి అయితే ఇంకా నష్టం. రాత్రి ఆఖరున పట్టిన గోధుమ రాళ్ళ మధ్యా గొట్టంలోనూ మిగిలి ఉంటుంది, దాన్ని ఊడ్చి తెచ్చేది పొద్దున్న మొదటి వాయే. మామూలు ఇంటికి మీరు చెప్పింది బానే ఉంటుంది, సీలియాక్ పిల్ల ఉన్న ఇంటికి పనికిరాదు.

పార్వతీపురం అక్క:

ఒక్క మాట. జ్వరం వచ్చినా, మూత్రం మంట అన్నా మన ఇళ్ళల్లో పిల్లలకి బార్లీ నీళ్ళు కాచి పోస్తారు. బార్లీలో కూడా గ్లూటెన్ ఉంటుంది, వడకట్టినా నీళ్ళలోకి దిగుతుంది. పాలల్లో కలిపే హార్లిక్స్, బూస్ట్, బోర్న్‌విటా లాంటి మాల్ట్ పొడులు కూడా మానండి, వాటిల్లోనూ బార్లీనే. కార్న్‌ఫ్లేక్స్ మొక్కజొన్నే కదా అని పెడతారు, వాటికీ చాలావరకు బార్లీ మాల్ట్ పూస్తారు. మా చెల్లెలి కొడుక్కి ఇది తెలిసేదాకా తిప్పలు పడ్డాం.

శ్రీకాకుళం డైటీషియన్:

పైన చెప్పినవన్నీ సరైనవే, కొంచెం లెక్క చెబుతాను, అప్పుడు ఎంత జాగ్రత్త పడాలో మీకే తెలుస్తుంది. సీలియాక్ ఉన్నవాళ్ళల్లో చాలామందికి రోజు మొత్తంలో 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ అయితే పేగుకి హాని ఉండదని, 50 మిల్లీగ్రాములు రోజూ తగిలితే పేగు దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలింది. మైదాలో పదో వంతు గ్లూటెన్ అనుకున్నా 10 మిల్లీగ్రాములు రావడానికి 100 మిల్లీగ్రాముల మైదా చాలు, అంటే గోటిమీద నిలిచేంత. వేడికి గ్లూటెన్ పోదు, కాబట్టి చారు ఎంత మరిగించినా, పూరీలు వేగిన నూనెలో జంతికలు ఎంత కాల్చినా లాభం లేదు. షాపు జంతికలు ఆపేయమనేది అందుకే. పైగా పిండి గుల్లగా రావడానికి కొందరు మైదా కలుపుతారు.

మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. పాకెట్ మీద అలర్జీ సమాచారం అని చిన్న అక్షరాలతో ఉండే చోట గోధుమ, బార్లీ, గ్లూటెన్ అన్న మాటలు వెతకండి. గోనెసంచుల్లోంచి కిరాణావాళ్ళు తూచి ఇచ్చే సరుక్కి ఏ లేబులూ ఉండదు, గోధుమరవ్వలో ముంచిన డబ్బాతోనే ఇడ్లీరవ్వ తీస్తారు. ఇడ్లీరవ్వ బదులు బియ్యం నానబెట్టి ఇంట్లోనే రుబ్బుకోండి. పప్పులు చేటలో పోసి గోధుమ గింజలు ఏరి, రెండు మూడు నీళ్ళు కడిగి వండండి. ఓట్స్ మాత్రం డాక్టరు చెప్పేదాకా వద్దు, గోధుమతో కలిసిపోయినవే బజార్లో ఎక్కువ. మందులు కొన్నప్పుడు కూడా అడగండి, మాత్రల్లో వాడేది ఎక్కువగా మొక్కజొన్న పిండే గానీ కంపెనీని బట్టి మారొచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. తమ్ముడికి ఏ లక్షణం లేకపోయినా పరీక్ష చేయించాలి, తోబుట్టువులకి వచ్చే అవకాశం మామూలు పిల్లల కన్నా చాలా ఎక్కువ. కానీ పరీక్ష అయ్యేదాకా వాడికి గోధుమ ఆపొద్దు, ఆపేస్తే రక్తంలో ఏమీ కనబడక తప్పు ఫలితం వస్తుంది. ఎప్పుడు చేయించాలో మీ డాక్టరుగారిని అడగండి. మన దక్షిణాదిలో ఈ జబ్బు వెయ్యిమందిలో ఒకరికి కనిపిస్తే ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైనే కనిపించింది, అందుకే ఇక్కడ దీని గురించి వినేవాళ్ళే తక్కువ. మీవంటివాళ్ళు గట్టిగా పట్టించుకోవాలి. ఇవన్నీ సరిచేశాక టీటీజీ మెల్లగా దిగుతుంది, ఒక్కోసారి మామూలుకి రావడానికి ఏడాది పైనే పడుతుంది, కాబట్టి ప్రతి రెండు వారాలకీ పరీక్ష చేయించి కంగారు పడొద్దు.

చీపురుపల్లి అమ్మ:

ఇంగువ సీసా చూశానండీ. మైదా అని స్పష్టంగా రాసి ఉంది, పేర్ల వరసలో మొదటిదే అది. ఆ సీసా మా అత్తగారి చేతికిచ్చి ఇంట్లో అందరి ముందూ చదివి వినిపించాను. ఆవిడ మొదట ఏడ్చి, తర్వాత దాన్ని తీసుకెళ్ళి పెరట్లో పారబోశారు. జల్లెడ మాకు ఒకటే ఉంది. చోడిపిండి కూడా మరలోనే పట్టిస్తున్నాం.

అంగన్‌వాడీ సంగతి ఎవరైనా చెప్పండి. పాపని మాన్పించమంటారా? వచ్చే నెల సిరిమానోత్సవానికి విజయనగరంలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాలి, అక్కడ ఏం పెట్టనివ్వాలో కూడా తెలీడం లేదు.

పాలకొండ టీచరు:

మాన్పించకండి అమ్మా. నేను అంగన్‌వాడీ టీచర్నే. ముందు మీ ఇంట్లోనే చూడండి, చిన్నబాబుకి ఇచ్చే బాలామృతం పొడిలో వేయించిన గోధుమ ఉంటుంది. ఆ గిన్నెలో మిగిలింది పాప నాకడం, అదే చెంచా వాడడం ఉంటాయి, పిల్లలున్న ఇళ్ళల్లో అది మామూలే. ఆ డబ్బా, గిన్నె, చెంచా వేరే గూట్లో పెట్టండి. కలిపేటప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకోవద్దు, పొడి ఎగురుతుంది.

సెంటర్లో ఆవిడతో నోటిమాటగా చెప్పి వదిలేయకండి, డాక్టరుగారి చీటీ జిరాక్స్ తీసి ఇవ్వండి. పాప భోజనం డబ్బాలో పంపండి, గుడ్డు ఉడికించిందైతే ఇబ్బంది లేదు. మేం గమనించాల్సినవి ఇంకా ఉంటాయి, చాలామంది వీటి జోలికే పోరు. పిల్లలకి ఆడుకోవడానికిచ్చే రంగురంగుల మెత్తటి ముద్ద గోధుమపిండితోనే చేస్తారు, మేమూ సెంటర్లో గోధుమపిండి తడిపి బొమ్మలు చేయిస్తుంటాం. చార్టులు అతికించడానికి ఉడకబెట్టేది మైదా జిగురు. ముట్టుకుంటే ఏం కాదు గానీ నాలుగేళ్ళ పిల్ల వేళ్ళు నోట్లో పెట్టుకోకుండా ఉండదు. మా దగ్గర అలాంటి పాప చేరాక బంకమట్టితో బొమ్మలు చేయిస్తున్నాం, మిగతా పిల్లలకీ అదే నచ్చింది. ఎవరి పుట్టినరోజైనా కేకు, చాక్లెట్లు పంచుతారు, అలాంటప్పుడు పాపకి ఇవ్వడానికి పల్లీ చిక్కీలో కొబ్బరుండలో ఒక డబ్బాలో పోసి టీచరు దగ్గరే ఉంచండి. చేయి చాచిన పిల్లకి లేదనడం మాకు చాలా కష్టం, డబ్బా ఉంటే ఆ కష్టం ఉండదు.

విజయనగరం పిన్ని:

సిరిమానోత్సవానికి రండమ్మా, పాపని తీసుకురండి. ఇంట్లో చేసుకునే అరిసెలు, సున్నుండలు, కొబ్బరి లౌజు, చలిమిడి, బియ్యం పరవాన్నం, ఇవన్నీ తినొచ్చు, పిండి మాత్రం ఇంట్లో మిక్సీలో పట్టిందై ఉండాలి, నూనె కొత్తదై ఉండాలి. బూరెలకి తోపు బియ్యం, మినప్పప్పు రుబ్బి చేస్తే సరే, ఈమధ్య తొందరకి మైదా జారుగా కలిపి ముంచేస్తున్నారు, అడిగి తెలుసుకోవాలి. బొబ్బట్లు, గవ్వలు, కాజాలు మైదావే. మాడుగుల హల్వా గోధుమ పాలతో చేస్తారు, చుట్టాలు తెచ్చి నోట్లో పెట్టేస్తారు, దాని దగ్గర జాగ్రత్త. గుడి ప్రసాదం పులిహోరలో ఇంగువ ఉంటుంది, కళ్ళకద్దుకుని మీరు తినేయండి, పాపకి కొబ్బరిముక్క, అరటిపండు పెట్టండి. మీ ఆడపడుచుకి ఒకరోజు ముందే ఫోన్ చేసి ఏం చేస్తున్నారో అడగండి, ఏమీ అనుకోరు.

చీపురుపల్లి అమ్మ:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాజాం అన్నయ్యా, ఒక్కటి చెప్పండి. మర వద్దంటే చోళ్ళు ఇంట్లో ఎలా పట్టుకుంటున్నారు? పాపకి అంబలి అంటే ప్రాణం.

రాజాం నాన్న:

చోళ్ళు బాగా కడిగి, ఇసుక పోయేదాకా గాలించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్న మిక్సీలో నీళ్ళు పోసి రుబ్బి పల్చటి గుడ్డలో పిండేయండి, ఆ పాలతో అంబలి కాస్తే పిండి అవసరమే లేదు. పిండే కావాలంటే కడిగినవి నీడలో ఆరబెట్టి మిక్సీ చిన్న గిన్నెలో కొద్దికొద్దిగా వేసుకోండి, ఒకేసారి నింపితే మోటారు వేడెక్కుతుంది. ఆ గిన్నెలో ఇంతకుముందు గోధుమ పట్టి ఉంటే బ్లేడు కింద ఉండే రబ్బరు వాషరు కొత్తది వేయించండి, అక్కడే పిండి దాక్కుంటుంది.