పాప గౌను: పింగాణీలో ముంచి కాల్చాలా, అచ్చు తీయాలా?

తెల్లమన్ను: కూతురు పెద్దదైపోయిన ఒక తల్లి, పాప రెండో ఏట తొడిగిన నూలు గౌనుతో పింగాణీ పని చేసిపెట్టమంది. స్లిప్‌లో, అంటే నీళ్లలో కలిపిన పింగాణీ మట్టిలో, ముంచి కాల్చడమే సరైనదని నా మాట. బట్ట బూడిదవుతుంది, ముడతలతో సహా గుల్ల మిగులుతుంది. జర్మనీ డ్రెస్డెన్ పింగాణీ బొమ్మల లేసు అంచులూ నిజం లేసును ముంచి కాల్చినవే.

సారెగుంట: పింగాణీ కాలేటప్పుడు దాదాపు 12 శాతం కుంచించుకుంటుంది. 40 సెం.మీ. గౌను 35 అవుతుంది. అది ఆ పాప గౌనేనా?

చినబాబు_వైజాగ్: టెరికాటన్ అయితే?

తెల్లమన్ను: వద్దు తమ్ముడూ. పాలిస్టర్ కరిగి కారుతుంది, పొగ మంచిది కాదు. నూలే కావాలి. ప్లాస్టిక్ గుండీలు, ఎలాస్టిక్, హుక్కులు తీసెయ్యాలి. గంజి ఉంటే వేడినీళ్లలో నానబెట్టి వదిలించాలి, లేకపోతే స్లిప్ పట్టదు. బట్టను తడిపి, పిండి, చిక్కటి మజ్జిగలాంటి స్లిప్‌లో రెండు మూడుసార్లు ముంచాలి. కుట్ల దగ్గర స్లిప్ ఎక్కువ పేరుకుంటుంది, ఆరేటప్పుడు చీలేదీ అక్కడే. బ్రష్‌తో తీసెయ్యాలి. 200 నుంచి 600 డిగ్రీల దాకా వేడి గంటకు 60 డిగ్రీలకు మించి పెంచొద్దు, బట్టీ కన్నం తెరిచే ఉంచాలి. తొందరపడితే బట్ట బొగ్గు లోపలే చిక్కుకుని నల్లబడుతుంది, ఉబ్బుతుంది. బిస్క్ (తక్కువ వేడిలో తొలి కాల్పు) చేసి బయటికి తీస్తే చేతిలోనే విరుగుతుంది, అందుకే ఒకే విడతలో 1260కి. గౌను చేతులు వాలకుండా లోపల సిరామిక్ ఫైబర్ ఉన్ని వదులుగా పెట్టాలి.

సారెగుంట: ఇంత చెప్పారు, 12 శాతానికి జవాబు లేదు. 45.5 సెం.మీ. నమూనా చేసి ప్లాస్టర్ అచ్చు తీస్తే కాలాక సరిగ్గా 40 వస్తుంది.

తెల్లమన్ను: కుచ్చుల లోపలి మడతల నుంచి ప్లాస్టర్ ఊడి రాదు. వాటిని పూడ్చాలి, అప్పుడు నునుపైన బొమ్మ గౌను మిగులుతుంది. మీకు టేపు కొలతే కనిపిస్తోందా? బాల్యం చిన్నదైపోవడమే కదా ఈ పనిలో ఉన్నది!

సారెగుంట: అర్థాలు చెప్పడం తేలికండీ, కాలేది ఇంకొకరి గౌను! అచ్చయితే పది సార్లు పోయచ్చు. మీ పద్ధతిలో భుజం దగ్గర చీలితే ఆ తల్లికి గౌనూ లేదు, పింగాణీ లేదు.

తెల్లమన్ను: పోయినదాని గురించిన పనికి పోని వస్తువెందుకు? బీరువాలో ఉన్నా పసుపెక్కుతుంది, పురుగు కొడుతుంది.

సారెగుంట: అది ఆమె తేల్చుకోవాలి, మీరు కాదు.

లలిత_కడప: ఆమె ఏమంటోంది మరి?

తెల్లమన్ను: ముంచమనే అడిగింది. అచ్చు మాట ఇక్కడ పుట్టిందే.

సారెగుంట: అయితే అదే నేత నూలు ముక్కకు కుచ్చు పెట్టి, కుట్టు వేసి, అదే బట్టీలో ముందు కాల్చి ఆమె చేతికివ్వండి. ఎంత తగ్గిందో, ఎక్కడ చీలిందో చూశాక కూడా సరేనంటే నాకు అభ్యంతరం లేదు.