ఊరి గ్రూపులో పెడితే గ్రామసభ పెట్టినట్టేనా?

సిరిసిల్ల ఓటరు:
2025 డిసెంబర్ ఎన్నికల్లో మా ఊరికి పాతికేళ్ళ కుర్రాడు సర్పంచ్‌గా వచ్చాడు. పని చేస్తాడు, కాదనను. బోరు మోటారు కాలిందని పొద్దున ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే సాయంత్రానికి బాగుచేయిస్తాడు, బిల్లు కూడా గ్రూపులో పెడతాడు. గ్రామసభ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అన్నీ గ్రూపులో చెప్తున్నా కదన్నా" అంటాడు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ జరగాలి. మా దగ్గర రిజిస్టర్ ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకుంటోంది. ఇది ఓటర్లను కలుపుకుపోవడమేనా?

మస్కట్ నుంచి:
అన్నా, నాకైతే ఆ గ్రూపే పంచాయతీ ఆఫీసు. అంతకుముందు దాదాపు రెండేళ్ళు సర్పంచే లేడు, ప్రత్యేకాధికారుల పాలన. ఏ పైసా ఎటు పోయిందో అడిగే దిక్కు లేదు. ఇప్పుడు మా వాడకట్టు మోరీకి ఎంత ఖర్చయిందో ఇక్కడ క్యాంపులో కూర్చుని చూస్తున్నా. ఓటేయాలంటే ఊరికి రావాల్సిందే, కనీసం అడిగే హక్కన్నా ఆ పిల్లగాడు ఇచ్చాడు. ముసలి సర్పంచుల కాలంలో సభలు బాగా జరిగాయా? పది మంది పెద్దమనుషులు కుర్చీల్లో, మిగతా ఊరంతా గోడ అవతల.

వార్డు సభ్యురాలు, జగిత్యాల జిల్లా:
మస్కట్ తమ్ముడూ, పాత సభల గురించి నువ్వు చెప్పింది నిజమే. కానీ మా ఊరి గ్రూపులో ఇంటికో నంబరే ఉంది, అది మగవాళ్ళది. సర్పంచ్, వార్డు స్థానాల్లో సగం ఆడవాళ్ళకు రిజర్వ్ చేసి, ఊరి మాటలన్నీ మగవాళ్ళ ఫోన్లలో నడిపితే ఆ సగానికి అర్థమేముంది? నల్లా నీళ్ళు రాకపోతే బిందె పట్టుకుని తిరిగేది మేము, గ్రూపులో "నీళ్ళు వచ్చాయి" అని రాసేది మా ఆయన! సభ పదకొండు గంటలకు పెడతారు, అప్పుడు మేమంతా పత్తి చేలల్లో ఉంటాం. రాత్రి ఏడింటికి పెట్టమని మహిళా సంఘంలో అందరం కలిసి అడిగాం. పెట్టారు. మొదటిసారి బెల్టు షాపు గురించి మావాళ్ళు నోరు తెరిచి మాట్లాడారు. ఆ మాట గ్రూపులో ఏ ఆడమనిషీ రాయదు, రాస్తే ఇంట్లో గొడవ.

గుంటూరు మాస్టారు:
వయసు మీద చర్చ అనవసరం అనిపిస్తోంది. 21 ఏళ్ళు నిండితే పోటీకి అర్హత ఉంది. 2020లో కేరళలో ఆర్యా రాజేంద్రన్ ఆ వయసుకే తిరువనంతపురం మేయరయ్యారు. అయితే ఆమె చిన్నప్పటి నుంచి బాలసంఘం, విద్యార్థి సంఘాల్లో పనిచేసి వచ్చారు. పైగా అక్కడ పల్లెల్లో గ్రామసభ వార్డు స్థాయిలో జరుగుతుంది, కాబట్టి మామూలు మనిషికీ మాట్లాడే వంతు వస్తుంది. మన దగ్గర కుర్రాళ్ళకు ఆ అలవాటు ఎక్కడ దొరుకుతోంది? చాలా ఊళ్ళలో ఏకగ్రీవం చేయాలని పెద్దలే ఒత్తిడి తెస్తారు. ఓటు అడగకుండా గెలిచినవాడికి ఓటరుతో మాట్లాడటం ఎలా వస్తుంది?

సిరిసిల్ల ఓటరు:
మా వాడు పోటీ చేసే గెలిచాడు మాస్టారూ, గడప గడపకూ తిరిగాడు. అందుకే బాధ. అక్కా, రాత్రి ఏడింటి సంగతి మా సంఘం వాళ్ళకు చెప్తాను. ఈసారి డప్పు చాటింపు వేయించమని నేనే అడుగుతా.

మస్కట్ నుంచి:
సరే, సభ పెట్టించండి. తీర్మానం రాసిన పేజీ ఫొటో మాత్రం గ్రూపులో పెట్టమనండి అన్నా, మేమూ చూస్తాం.